ముందు గేటు లోపలి లెక్క చెప్పండి



పోయిన వారం మన గ్రూపుల్లో ఒక పోస్టర్ తిరిగింది. నల్ల రంగు మీద తెల్ల అక్షరాలు. జాతి వివక్షను మేము సహించం అని ఒక పెద్ద కంపెనీ ప్రకటన, కింద దాని గుర్తు. మనవాళ్లు దండాలు పెట్టి, గుండె బొమ్మలు పెట్టి తెగ పంచుకున్నారు. "చూడన్నా, ఇంత పెద్ద కంపెనీ మన మాదిరి వాళ్ల గురించి మాట్లాడతా ఉండాది" అని ఒక తమ్ముడు నాకు పంపించాడు. పూతలపట్టు దగ్గర ఎస్టీ కాలనీ పిల్లోడు. డిగ్రీ అయిపోయింది. మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీకి కూలికి పోతాడు.

వాడికి ఫోన్లో చెప్పిన మాటలే కొంచెం వివరంగా మీ అందరికీ రాస్తున్నాను. వాడు అలిగినాడు. మీరూ అలిగితే అలగండి, కానీ చివరిదాకా చదవండి.

పూతలపట్టు తెలియని వాళ్ల కోసం ఒక మాట. చిత్తూరు నుంచి కర్నూలు పోయే రోడ్డూ, తిరుపతి మీదుగా నాయుడుపేట పోయే రోడ్డూ కలిసే చోటు అది. చుట్టూ మామిడి తోపులు. అసెంబ్లీ సీటు ఎస్సీ రిజర్వుడు. తోపులు మాత్రం ఎవరివో మీకు తెలుసు. ఈ తోపుల్లో ఎక్కువగా కాసేది మనం బెంగుళూర అని పిలిచే తోతాపురి. ఇది ఇంట్లో కోసుకుని తినే కాయ కాదు, గుజ్జుకు పోయే కాయ. జూన్, జూలైలో ట్రాక్టర్లు ఫ్యాక్టరీల ముందు బారులు తీరుతాయి. కాయ లోపలికి పోతుంది, గుజ్జు డ్రమ్ముల్లో బయటికి వస్తుంది, పెద్ద కంపెనీల దగ్గరికి చేరుతుంది. తర్వాత పసుపు రంగు సీసాలో మన కాలనీ అంగడికే తిరిగొస్తుంది. మన చేత్తో కోసిన కాయను మనమే డబ్బులిచ్చి తాగుతాం.

ఆ పసుపు రంగు సీసాల్లో అందరికీ తెలిసింది మాజా. 1993 నుంచి కోకాకోలా వాళ్లది. 2011లో ఇదే చిత్తూరు జిల్లాలో కోకాకోలా, జైన్ ఇరిగేషన్ కలిసి 'ఉన్నతి' అనే పథకం పెట్టాయి. మామిడి మొక్కల్ని దగ్గర దగ్గరగా నాటడం, డ్రిప్పు పెట్టడం, రైతుకు దిగుబడి పెంచడం అనే పని. కాబట్టి ఆ కంపెనీకి చిత్తూరు ఎక్కడుందో తెలియదు అనడానికి లేదు. మన మట్టి, మన చెట్టు, ఎకరాకు ఎన్ని మొక్కలు పడతాయో అన్నీ తెలుసు.

ఇప్పుడు 2020 గుర్తు తెచ్చుకోండి. మే 25న అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు మెడ మీద మోకాలు పెట్టి చంపాడు. ప్రపంచమంతా జనం రోడ్డెక్కారు. జూన్ నెలాఖరులో కోకాకోలా పెద్దాయన జేమ్స్ క్విన్సీ ఒక ప్రకటన చేశాడు. ప్రపంచంలో జాతి వివక్షకు చోటు లేదు, సోషల్ మీడియాలోనూ లేదు, అందుకే జూలై 1 నుంచి కనీసం 30 రోజులు సోషల్ మీడియాలో మా ప్రకటనలు ఆపేస్తున్నాం అని. యూనిలీవర్ కూడా ఆ ఏడాది చివరిదాకా అమెరికాలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ట్విట్టర్‌లలో ప్రకటనలు ఆపేసింది.

జూలై 1. మనకు ఆ తేదీ అంటే బెంగుళూర కాయ ముమ్మరంగా దిగే రోజులు. ఆ 30 రోజులు ఇక్కడ గుజ్జు మాత్రం ఎవరూ ఆపలేదు.

ఆ ప్రకటన అబద్ధం అని నేను అనడం లేదు. ఆ కంపెనీ ఈ తోపులో ఎవరినో కట్టేసి పనిచేయిస్తోందని కూడా అనడం లేదు. నా ప్రశ్న చిన్నది. జాతి వివక్షకు చోటు లేదు అన్నప్పుడు ఆ 'చోటు' లెక్కలో పూతలపట్టు ఉందా లేదా?

ఎందుకంటే మన దగ్గర వివక్ష టీవీలో చూపించేటట్టు ఉండదు. మోకాలు మెడ మీద పెట్టరు. అడ్వాన్సు చేతిలో పెడతారు. తోపు కావలికి యానాది కుటుంబాన్ని పెట్టుకునే పద్ధతి మీకు కొత్త కాదు. కాపు మొదలైనప్పటి నుంచి కోత అయ్యేదాకా మొగుడూ పెళ్లాం పిల్లలూ ఆ తోపులోనే పాకలో ఉంటారు. రాత్రి కోతుల్ని, అడవి పందుల్ని, దొంగల్ని తోలాలి. తెల్లారితే తోపు పని. కూలి ఎంత అని అడిగితే "అడ్వాన్సులో పోతాది" అంటారు. ఆ అడ్వాన్సు పెళ్లికో, ఆసుపత్రికో, చావుకో తీసుకున్నది. అది ఎప్పుడు తీరుతుందో లెక్క రాసుకున్నవాడికి తెలుసు, తీసుకున్నవాడికి తెలియదు. ఆ కుటుంబంలో బిడ్డ బడికి పోవాలంటే ఎవరు తీసుకుపోతారు? ఓటరు కార్డు ఏ ఊర్లో ఉంటుంది? కాయ పోయిందంటే మొదట ఎవరిని అనుమానిస్తారు? కావలి కాసినోడినే.

దీన్ని కథ అనుకునే వాళ్లకు ఒకటి గుర్తు చేస్తాను. 2025 మే నెలలో తిరుపతి జిల్లా యానాది కుటుంబానికి చెందిన తొమ్మిదేళ్ల పిల్లాడి శవాన్ని కాంచీపురం దగ్గర పూడ్చిన చోట నుంచి తవ్వి తీశారు. బాతులు మేపించే యజమాని దగ్గర చేసిన కొన్ని వేల రూపాయల అప్పుకు ఆ బిడ్డను తాకట్టు కింద పెట్టుకున్నారు. తల్లి డబ్బు జత చేసుకుని వచ్చేసరికి బిడ్డ లేడు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది 1976లో. దాదాపు 50 ఏళ్ల తర్వాత, మన పక్క జిల్లాలో, మన పిల్లాడు. దాని మీద ఏ కంపెనీ నల్ల పోస్టర్ పెట్టిందో చెప్పండి. బాతులకూ మామిడి రసానికీ సంబంధం లేదు కదా అంటారు. మినియాపోలిస్ పోలీసుకూ కూల్‌డ్రింకుకూ ఏం సంబంధం ఉందని పెట్టారు మరి?

సంబంధం ఉంది. అక్కడ నల్లజాతి వాళ్లు కొనుగోలుదార్లు. కొనడం ఆపేస్తే కంపెనీకి నొప్పి పుడుతుంది. ఓటు ఉంది, కోర్టు ఉంది, వీధి ఉంది. మనం కొనేది పది రూపాయల పొట్లం. మన కోపం వాళ్ల ఖాతా పుస్తకంలో ఏ వరుసలోనూ కనిపించదు. ఇది కడుపు మంటతో అంటున్నది కాదు, వ్యాపారం నడిచే తీరు అంతే.

ఇక ఆ క్రీము సంగతి.

1975 నుంచి మన దేశంలో అమ్మిన ఫెయిర్ అండ్ లవ్లీ. మనలో ఎంతమంది అక్కచెల్లెళ్లు దాన్ని పూసుకోలేదు? మా ఇంట్లో ట్యూబును కత్తిరించి అడుగున ఉన్నది కూడా గీకి పూసుకునేవాళ్లు. నల్లగా ఉంటే ఉద్యోగం రాదు, పెళ్లి కాదు, తెల్లబడితే అన్నీ వస్తాయి అని దాని ప్రకటనలు ఎన్నో ఏళ్లు చెప్పినాయి. 2020 జూన్‌లో, అదే జార్జ్ ఫ్లాయిడ్ గాలిలో, హిందుస్తాన్ యూనిలీవర్ 'ఫెయిర్' అనే మాట తీసేస్తామంది. జూలై 2న కొత్త పేరు చెప్పింది: గ్లో అండ్ లవ్లీ. మగవాళ్లదేమో గ్లో అండ్ హ్యాండ్సమ్. ఆ వెంటనే ఏమైందో తెలుసా? ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్ అమ్మే ఇమామీ కంపెనీ, ఆ 'గ్లో' పేరు మాది అంది. రెండు కంపెనీలూ కోర్టుకెక్కాయి. నల్ల చర్మాన్ని అవమానించినందుకు ఎవరు జవాబు చెప్పాలి అని కాదు, మెరుపు అనే మాట ఎవరి ఆస్తి అని.

జాన్సన్ అండ్ జాన్సన్ మాత్రం తన ఫెయిర్‌నెస్ క్రీముల్ని అమ్మడమే ఆపేసింది. అది ఎంతోకొంత పని. పెళ్లి సంబంధాల సైటు షాదీ డాట్ కామ్ కూడా అదే నెలలో చర్మం రంగు చూసి వెతికే మీట తీసేసింది. అది కూడా ఊరికే కాదు, అమెరికాలో ఉన్న మన దేశపు ఆడపిల్లలు సంతకాలు సేకరించి నిలదీస్తే తీసింది. ఇది గుర్తుపెట్టుకోండి, చివర పనికొస్తుంది.

క్రీము పేరు మారిన తర్వాత సంగతి ఒకటి. మా పినతల్లి కూతురు ఇంటర్ చదివి, ఒక పెద్ద బట్టల అంగడిలో సేల్స్ పనికి పోయింది. మాట బాగుంది, లెక్క బాగుంది అన్నారు. ఆఖర్న "అమ్మా, కౌంటర్‌లో కాదు, గోడౌన్‌లో మడతలు పెట్టే పని ఇస్తాం" అన్నారు. కౌంటర్‌లో జీతం వేరు, గోడౌన్‌లో జీతం వేరు. ఎందుకని అడిగితే "కస్టమర్లు చూస్తారు కదమ్మా" అన్నారంట. ఆ అంగడి పేరు చెప్పను. పెద్ద రోడ్డు మీద ఏ అంగడికైనా పోయి కౌంటర్ వెనక ఎవరున్నారో, గోడౌన్‌లో ఎవరున్నారో మీరే చూసుకోండి. ఆ కౌంటర్ మీద క్రీము పేరు మారి ఉంటుంది. నిలబడిన మొహాల రంగు మారి ఉండదు.

పేరు మార్చి పని అయిపోయిందనుకోవడం మనకు ముందే తెలిసిన విద్య. ఎరుకల అన్నలను అడగండి. 1871లో తెల్లదొర తెచ్చిన నేరస్థ జాతుల చట్టం, 1911 సవరణతో మద్రాసు రాజధానికీ వచ్చింది. పుట్టుకతోనే దొంగ అని రిజిస్టర్‌లో వేలిముద్ర. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చారు. 'సంస్కరణ' అన్నారు. ఆ సెటిల్‌మెంటు జనాన్ని చీరాల పొగాకు ఫ్యాక్టరీలో కూలికి పెట్టారు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ విషయం మీద పుస్తకమే రాసింది. చదవగలిగిన వాళ్లు చదవండి. పరిశ్రమకు చవక కూలీలు కావాలి, సర్కారుకు కట్టడి కావాలి, మిషనరీకి మంచి పేరు కావాలి. ముగ్గురికీ కావలసింది దొరికింది. ఎరుకలోడికి వేలిముద్ర మిగిలింది.

1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. 'నేరస్థ జాతి' పేరు పోయి 'విముక్త జాతి' అయింది. వెనకే అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చి కూర్చున్నాయి. 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు, జైళ్లలో కులాన్ని బట్టి పని పంచే నిబంధనలను కొట్టేస్తూ, విముక్త జాతుల వాళ్లను పుట్టుకను బట్టి అలవాటు నేరస్థులుగా చూడకూడదు అని చెప్పాల్సి వచ్చింది. పేరు మార్చిన 72 ఏళ్లకు! ఇప్పటికీ ఊర్లో మోటారు పోతే మొదట పోలీసు జీపు ఏ కాలనీకి వస్తుందో మీకు నేను చెప్పాలా?

కాబట్టి డబ్బా మీద మాట మారింది అని ఎవరైనా చెప్తే, నేను అడిగేది: రిజిస్టర్‌లో ఏం మారింది?

ఈ రిజిస్టర్ అనే మాట దగ్గర కొంచెం ఆగండి. నా గొడవంతా ఇక్కడే ఉంది.

అమెరికాలో 100 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు కంపెనీ, తన దగ్గర ఏ జాతివాళ్లు ఏ స్థాయి ఉద్యోగాల్లో ఎంతమంది ఉన్నారో ఏటా ప్రభుత్వానికి లెక్క ఇవ్వాలి. 1960ల పౌరహక్కుల పోరాటం నుంచి వచ్చిన నిబంధన అది. దానివల్ల అక్కడ కంపెనీ పోస్టర్ పెడితే, మరుసటి రోజే ఎవరో ఒకరు "ప్రభుత్వానికిచ్చిన ఆ లెక్క బయటపెట్టండి, మీ పెద్ద ఉద్యోగాల్లో నల్లవాళ్లు ఎంతమంది" అని మొహం మీద అడగగలరు.

అదే కంపెనీలు మన దేశంలో? ఇక్కడ షేర్ మార్కెట్‌లో ఉన్న మొదటి 1000 పెద్ద కంపెనీలు బాధ్యతాయుత వ్యాపారం మీద ఏటా ఒక నివేదిక ఇవ్వాలని సెబీ నిబంధన పెట్టింది. 2022-23 నుంచి తప్పనిసరి. అందులో ఉద్యోగుల లెక్క ఉంటుంది. ఆడవాళ్లు ఎంతమంది, మగవాళ్లు ఎంతమంది, వికలాంగులు ఎంతమంది. మంచిదే. ఎస్సీలు ఎంతమంది, ఎస్టీలు ఎంతమంది అనే గడి అందులో లేదు. 2006 ప్రాంతంలో ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల మాట లేచినప్పుడు, పరిశ్రమ సంఘాలు "చట్టం వద్దు, మేమే స్వచ్ఛందంగా చేస్తాం" అని మాటిచ్చి తప్పించుకున్నాయి. స్వచ్ఛందం అంటే ఏమిటో మనకు తెలుసు. మన దగ్గర పండగ మామూలు కూడా స్వచ్ఛందమే.

అంటే ఒకే కంపెనీ, ఒకే గుర్తు. సముద్రం అవతల లెక్క చెప్పాలి, ఇవతల పోస్టర్ పెడితే చాలు. ఆ పోస్టర్‌కే మనం దండం పెడుతున్నాం.

లెక్క లేని చోట మాట ఎన్నాళ్లు నిలుస్తుందో కూడా చూశాం. పెప్సీ కంపెనీ, స్లైస్ వాళ్లదే, 2020లో తన ఆంట్ జెమైమా అనే పేరును, ఆ డబ్బా మీద నల్లజాతి ఆడమనిషి బొమ్మను తీసేస్తామంది. ఆ బొమ్మ బానిసత్వపు రోజుల వంటమనిషి పోలిక. నల్లజాతి సముదాయాల కోసం ఐదేళ్లలో 40 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెడతామనీ చెప్పింది. 2025లో వాషింగ్టన్‌లో గాలి తిరిగింది. ఫిబ్రవరిలో అదే పెప్సీ, నాయకత్వంలో ఫలానా వర్గాలవాళ్లు ఇంత శాతం ఉండాలి అని పెట్టుకున్న లక్ష్యాలను పక్కన పెట్టేసింది. టార్గెట్, మెక్‌డొనాల్డ్స్, ఇంకా చాలామంది ఆ నెలల్లోనే వెనక్కి తగ్గారు. గాలివాటు ధైర్యం. మన తూర్పారబట్టే చాటకు ఉన్నంత నిలకడ కూడా లేదు.

నిజంగా గట్టిగా మాట్లాడిన కంపెనీ లేదా అంటే, ఒకటి చెప్తాను. అమెరికాలో ఐస్‌క్రీమ్ అమ్మే బెన్ అండ్ జెర్రీస్. 2023 జూలై 4న, వాళ్ల స్వాతంత్ర్య దినం రోజే, ఈ దేశం ఆదివాసుల దగ్గర దొంగిలించిన నేల మీద ఉంది, తిరిగి ఇచ్చేద్దాం, మౌంట్ రష్‌మోర్‌తో మొదలుపెడదాం అని ప్రకటించింది. మౌంట్ రష్‌మోర్ అంటే లకోటా జనానికి పవిత్రమైన కొండ, దాన్ని చెక్కి నలుగురు అధ్యక్షుల మొహాలు పెట్టారు. మనకు తిరుమల కొండలూ తలకోన అడవీ ఎట్లనో, వాళ్లకు ఆ కొండ అట్లా అనుకోండి. ఎవరూ అనని మాట అది. నేను కూడా ఆ రోజు చప్పట్లు కొట్టాను.

వారం తిరక్కముందే వెర్మాంట్ రాష్ట్రంలోని అబెనాకి ఆదివాసుల పెద్ద డాన్ స్టీవెన్స్ నిదానంగా ఒక మాట అన్నాడు. ఆ కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్నది మా అబెనాకిల నేల మీదే, వాళ్లు మాట్లాడాలనుకుంటే మేం సిద్ధం అని.

చూశారా ఆ మనిషి తెలివి! తిట్టలేదు, గొడవ చేయలేదు, పోస్టర్ పంచుకోలేదు. నువ్వు కూర్చున్న కుర్చీ కింద నేల సంగతి మాట్లాడదామా అన్నాడు. రష్‌మోర్ కొండ వాళ్లకు చాలా దూరం. కుర్చీ కింద నేల దూరం సున్నా.

ఆ ఐస్‌క్రీమ్ కంపెనీకి అప్పటి యజమాని ఎవరనుకుంటున్నారు? యూనిలీవర్. ఒక చేత్తో ఆదివాసుల నేల, ఇంకో చేత్తో మన దేశంలో ఆ క్రీము. 2025 సెప్టెంబర్‌లో ఆ జెర్రీ అనే పెద్దమనిషే, మా నోరు నొక్కేశారు అని చెప్పి కంపెనీ వదిలి బయటికి పోయాడు. పేరు డబ్బా మీదే ఉంది, మనిషి బయట ఉన్నాడు.

మన దగ్గర కూడా ఆగస్టు 9 వస్తే చాలు, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం అని కంపెనీలు, బ్యాంకులు బొమ్మలు పెడతాయి. ఆ బొమ్మలో ఎవరుంటారు? థింసా ఆడే ఆడవాళ్లు, తలకు ఈకలు, వెనక పచ్చని కొండ. చిత్తూరు యానాది ఉండడు. చేతిలో ఎలకల బుట్ట పట్టుకున్న మనిషి పోస్టర్‌కు పనికిరాడు. సుగాలి తండా అద్దాల రవిక పనికొస్తుంది, ఆ రవిక వేసుకుని కంకర మోసే ఆడమనిషి పనికిరాదు. మనం ఐదో షెడ్యూలు ప్రాంతంలో కూడా లేము. మైదానపు గిరిజనులం. పెసా లేదు, 1/70 లేదు. సర్కారు పటంలో లేని వాళ్లం, కంపెనీ బొమ్మలో కూడా లేము.

అరకు కాఫీ గురించి అడుగుతారు కొందరు. దాని మీద నాకు కోపం లేదు. ఆదివాసీ రైతు తన చెట్టు మీద కాయించుకుని అమ్ముకుంటున్నాడు, 2017లో పారిస్‌లో అంగడి పెట్టారు, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ కూడా రేటు గొడవలుంటాయి, ఉండనీ. కనీసం ఆ పొట్లం మీద ఊరి పేరుంది, పండించినోడు ఎవరో ప్రపంచానికి తెలుసు. మన పసుపు సీసా మీద కావలి కాసిన యానాది ఊసు ఉందా? రైతు ఊసైనా ఉందా? 2025లో బెంగుళూర రేటు పడిపోయి రైతులే రోడ్డు మీద కాయ పారబోసుకున్నారు. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, సర్కారు 4 రూపాయలు కలిపి 12 ఇస్తామన్నారు. ఆ 12లో కోసినోడికి ఎంత, మోసినోడికి ఎంత, కావలి కాసినోడికి ఎంత అని ఒక్క టీవీలో చర్చ విన్నారా? రైతు నష్టం నిజమే, నేను కాదనను. కానీ రైతు నష్టపోయిన ఏడాది మొదట ఎగిరిపోయేది మన కూలి.

నా ఫోన్ తమ్ముడు ఇక్కడే నన్ను పట్టుకున్నాడు. "అన్నా, ఏమీ అనకుండా ఉండేదానికన్నా ఏదో ఒకటి అనడం మేలు కదా? ఆ క్రీము మీద 'తెలుపు' అనే మాట లేకపోతే మా చిన్న చెల్లెలికి మంచిదే కదా?" అన్నాడు.

మంచిదే. వాడి మాటలో న్యాయం ఉంది. పదేళ్ల పిల్ల ఆ మాట చూడకుండా పెరగడం చిన్న విషయం కాదు. ఇంకోటి కూడా ఒప్పుకుంటాను: కంపెనీ బయటికి చెప్పిన మాట మనకు ఒక తాడు. నోరు మూసుకున్నవాడిని పట్టుకోలేం, మాటిచ్చినవాడిని పట్టుకోవచ్చు. కాబట్టి ఆ పోస్టర్‌లు పెట్టొద్దు అని నేను అనడం లేదు. దండం పెట్టి వదిలేయొద్దు అంటున్నాను. దాన్ని దాచిపెట్టుకోండి, తారీఖుతో సహా. అది వాళ్లు మనకు రాసిచ్చిన ప్రామిసరీ నోటు.

ఇంకో నోటు కూడా ఉంది. కోకాకోలా, పెప్సీ లాంటి పెద్ద కంపెనీలన్నీ తమకు సరుకు ఇచ్చే సప్లయర్లకు నియమాలు రాసిపెట్టుకున్నాయి. బలవంతపు చాకిరీ ఉండకూడదు, బాలకార్మికులు ఉండకూడదు, వివక్ష ఉండకూడదు, చట్టం ప్రకారం కూలి ఇవ్వాలి. ఇంగ్లీషులో, వాళ్ల వెబ్‌సైట్లలో, ఎవరైనా చదవచ్చు. మీలో ఎంతమంది చూశారు? తెలుగులో ఎంతమంది చూశారు? గుజ్జు ఫ్యాక్టరీలో కాయ కోసే అక్కకు, ఆ నియమం తన కోసమే రాశారని తెలుసా? తోపులో పాకలో ఉన్న యానాది మామకు, తాను 'సప్లయ్' లెక్కలోకి వస్తాడని ఎవరైనా చెప్పారా? లేక ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆ లెక్క ఆగిపోతుందా?

అందుకే ఈ మామిడి కాలానికి ముందే చేయాల్సిన పని ఒకటి అనుకుంటున్నాం. ఆ నియమాల్లో కూలీలకు సంబంధించిన ముక్కలను తెలుగులోకి, తమిళంలోకి తిప్పుతున్నాం. మన దగ్గర పనికొచ్చే వాళ్లలో సగం మంది తమిళం మాట్లాడే వాళ్లు, వాళ్లను వదిలేయొద్దు. ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లలు చేయి వేయండి. సోకు తెలుగు వద్దు, మీ అమ్మకు చెప్పినట్టు రాయండి.

రెండోది, మీ కాలనీలో ఎవరు ఏ తోపులో కావలికి పోయినారు, అడ్వాన్సు ఎంత, ఎప్పుడు తీసుకున్నారు, పిల్లలు బడిలో ఉన్నారా లేదా, ఒక నోటు పుస్తకంలో రాయండి. ఫోటోలు వద్దు, పేర్లు ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. ఆ కుటుంబం మీదికే గొడవ వస్తుంది. పుస్తకం మన దగ్గరే ఉండాలి. అడ్వాన్సు కింద కదలనివ్వకుండా పెట్టుకున్న కేసు అనిపిస్తే అది వెట్టి. 1976 చట్టం కింద ఆర్డీఓకు, కలెక్టర్‌కు అర్జీ పెట్టొచ్చు. విడుదల పత్రం ఇస్తే ఆ అప్పు చెల్లదు. 2016 పునరావాస పథకం కింద కేసును బట్టి లక్ష నుంచి 3 లక్షల రూపాయల దాకా సాయం ఉంది. ప్రతి జిల్లాలో, ప్రతి డివిజన్‌లో విజిలెన్స్ కమిటీ ఉండాలని అదే చట్టం చెబుతోంది, అందులో ఎస్సీ, ఎస్టీల వాళ్లూ సభ్యులుగా ఉండాలి. మన డివిజన్ కమిటీ ఆఖరుసారి ఎప్పుడు కూర్చుందో సమాచార హక్కు కింద అడగండి. పది రూపాయల ఖర్చు. ఒంటరిగా కుటుంబాన్ని బయటికి తీసుకొచ్చే పని మాత్రం చేయొద్దు, ముందు మాకు చెప్పండి. న్యాయ సహాయానికి 15100 నంబర్ ఉంది.

మూడోది ఆ పోస్టర్ పంపిన తమ్ముడికి అప్పజెప్పాను. ఈసారి ఏ కంపెనీ జాతి వివక్ష మీద పోస్టర్ పెట్టినా, ఆగస్టు 9న థింసా బొమ్మ పెట్టినా, దాని కింద మనందరం ఒకే ప్రశ్న రాద్దాం, ఒకే మాటలతో, మర్యాదగా. "అయ్యా, మీకు సరుకిచ్చే ఫ్యాక్టరీలో, ఆ ఫ్యాక్టరీకి కాయ ఇచ్చే తోపులో ఎస్టీలు ఎంతమంది పని చేస్తున్నారు? ఏ పనిలో? కూలి ఎంత?" తిట్లు వద్దు. తిడితే తీసేస్తారు. ప్రశ్నను తీసేస్తే అది కూడా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుందాం. షాదీ డాట్ కామ్ మీట తీయించింది ఇట్లా అడిగిన కొద్దిమంది ఆడపిల్లలే.

తమ్ముడు ఇంకా అలక మీదే ఉండాడు. అయినా నిన్న రాత్రి ఒక ఫోటో పంపించినాడు. వాళ్ల కాలనీలో కావలికి పోయిన ఏడు ఇళ్ల లెక్క, రూళ్ల పుస్తకంలో, నీలం పెన్నుతో. ఫోటోలు వద్దన్నాను కదరా అని తిట్టి, చెరిపించినాను. పుస్తకం వాడి దగ్గరే ఉంది. మీ కాలనీ పుస్తకం ఎవరు మొదలుపెడుతున్నారో ఇన్‌బాక్స్‌లో చెప్పండి. మే ఆఖరుకల్లా కావాలి, జూన్ మొదటి వారంలో ట్రాక్టర్లు కదులుతాయి.